పడవకు నీళ్ళు నిలవాలి, పైరుకు నీళ్ళు నడవాలి

పులిచింతల జలాశయం మీద కయాక్ పడవలు పెడితే మన ఊళ్ళకు నాలుగు డబ్బులు వస్తాయి కదా, సంఘం ఎందుకు అడగదు అని మన సభ్యుల పిల్లలే నిలదీస్తున్నారు. వికారాబాద్ జిల్లా కోటపల్లి ప్రాజెక్టుకు హైదరాబాద్ ఉద్యోగస్తులు సెలవు రోజుల్లో కార్లు వేసుకొచ్చి కయాక్‌లలో తిరగడం వాళ్ళు ఫోన్లలో చూస్తున్నారు. కోటపల్లి కూడా సాగునీటి కోసం కట్టిన ప్రాజెక్టే. అంత చిన్నదాంట్లో అయిన పని 45 టీఎంసీల పులిచింతలలో ఎందుకు కాదు అంటున్నారు. అడగాల్సిన ప్రశ్నే అడిగారు. పెద్దవాళ్ళం మనం "మనకెందుకురా ఆ షికార్లు" అని కొట్టిపారేస్తే, రేపు ఎవరో పైనుంచి వచ్చి ఒప్పందం రాయించుకుని పోతారు. అప్పుడు గేటు దగ్గర టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళాల్సింది మనమే.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాం. కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని, రెండు కొసలా రేకులున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి తేలికపాటి పడవ. ఇంజను ఉండదు, డీజిలు కాలదు. మన జాలరులు పుట్టి వేసుకుని నీళ్ళలోకి పోయినట్టే. కాకపోతే వల ఉండదు, చేప ఉండదు. గంటకింతని డబ్బు కట్టి ఊరికే తిరిగి రావడమే. నవ్వొచ్చినా, ఈ తిరగడానికి ప్రపంచంలో గిరాకీ ఉంది. నీళ్ళే కనబడని ఎడారుల్లో కూడా డ్యాముల వెనక నిలిచిన నీటి మీద పడవ దారులు గుర్తించి, మ్యాపులు వేసి, మైలురాళ్ళు పెట్టి జనాన్ని పిలుస్తున్నారు.

మేం దీన్ని ఎగతాళి చేయడం లేదు. మన పిల్లలు ఎందుకు అడుగుతున్నారో మనకు తెలుసు. 2025 ఫిబ్రవరిలో మిర్చికి క్వింటాకు 11,781 రూపాయలని కేంద్రం మార్కెట్ జోక్యం ధర ప్రకటించాల్సి వచ్చిందంటే, కల్లంలో ఆరబోసిన కాయ ఏ ధరకు దిగిపోయిందో వేరే చెప్పక్కర్లేదు. పత్తి సంగతి అంతే. సాగర్ కుడి కాలువ చివరి భూములకు తడి అందడం ప్రతి ఏడూ ఒక పోరాటం. 2023లో సాగర్ అడుగంటినప్పుడు ఆ తడి కూడా కరువైంది. ఇంటర్ చదివిన కుర్రాడు హైదరాబాద్ పోయి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూర్చుంటున్నాడు. వాడికి సొంత ఊళ్ళో, కృష్ణ ఒడ్డున పని దొరుకుతుందంటే వద్దనే హక్కు మనకు లేదు.

అయితే ఒక మాట ముందే తేల్చుకోవాలి. జలాశయం అన్నది ఖాళీ చోటు కాదు. మీద నీళ్ళు తళతళలాడుతున్నాయి కాబట్టి ఎవరిదీ కాదనిపిస్తుంది. పులిచింతల విషయంలో ఆ నీటి అడుగున ఏముందో, ఆ నీరు ఎవరి కోసం నిలిపారో, ఎవరు నిలిపిస్తే ఎవరు మునిగారో మనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

అడుగున ఉన్నది ఊళ్ళు

పులిచింతలకు 1988లో ఎన్.టి. రామారావు శంకుస్థాపన చేశారు. ఏళ్ళ తరబడి శిలాఫలకం తప్ప ఏమీ కదల్లేదు. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మళ్ళీ పని మొదలుపెట్టించారు. 2013 డిసెంబరులో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రారంభించారు. డాక్టర్ కె.ఎల్. రావు పేరు పెట్టారు. 24 గేట్లు, పూర్తి మట్టం 175 అడుగులు, నిల్వ 45.77 టీఎంసీలు. ఇదంతా దేనికంటే కృష్ణా డెల్టాలోని 13 లక్షల ఎకరాలకు వేళకు నీరివ్వడానికి. సాగర్ నుంచి నీరు వదిలేదాకా కాచుకుని కూర్చోకుండా, జూన్‌లోనే నారుమళ్ళు పోసుకోవడానికి. డెల్టా రైతు మన అన్నదమ్ముడే, ఆయనకు నీరందితే మనకు సంతోషమే. కానీ లెక్క లెక్కే. భూమి పోయింది పల్నాడుది, అవతలి ఒడ్డున ఇప్పటి సూర్యాపేట జిల్లాది. నీరు పోయేది డెల్టాకు. మన మెట్ట పొలం గట్టు మీద నిలబడి చూస్తే జలాశయం కనబడుతుంది, చేతికి మాత్రం అందదు.

కొల్లూరు, పులిచింతల, కేతవరం, బోదనం, వేమవరం. పేర్లు చెబుతుంటేనే ముంపు కాలనీల్లో పెద్దవాళ్ళ కళ్ళు తడుస్తాయి. కేతవరం నరసింహస్వామిని కొలిచిన వాళ్ళున్నారు, కొల్లూరు గుట్టల మీద గొర్రెలు మేపిన వాళ్ళున్నారు. పునరావాసం పూర్తి కాక మొదటి కొన్నేళ్ళు జలాశయాన్ని పూర్తి మట్టానికి నింపలేకపోయారు. ఆ ఆలస్యానికి కారణం ముంపు రైతులు మొండికేయడమేనని రాసిన వాళ్ళూ ఉన్నారు. ఇల్లు, పొలం, శ్మశానం వదిలి పొమ్మంటే లెక్క తేలాక పోతామనడం మొండితనమా?

కొల్లూరు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే రేపు పర్యాటకం కరపత్రంలో మొదటి వాక్యం కొల్లూరు మీదే ఉంటుంది. కోహినూరు వజ్రం అక్కడే దొరికిందని చరిత్రకారుల్లో ఎక్కువమంది అంటారు. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ వచ్చి చూసి, ఆ గనుల్లో అరవై వేల మంది దాకా పని చేస్తున్నారని రాసుకున్నాడు. మగవాళ్ళు తవ్వితే, ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోశారు. రాయి గోల్కొండ పోయింది, ఢిల్లీ పోయింది, పర్షియా పోయింది, చివరకు లండన్‌లో కిరీటానికి ఎక్కింది. మట్టి మోసిన వాళ్ళ పేరు ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడా గుంటలు నీటి కింద ఉన్నాయి. "కోహినూరు మీద కయాక్ యాత్ర" అని బోర్డు పెడితే జనం వస్తారనడంలో మాకు సందేహం లేదు. ఆ బోర్డు కింద టికెట్ చింపేవాడు కొల్లూరు వాడా, కాదా అన్నదే మా ప్రశ్న. నాలుగు వందల ఏళ్ళ నాటి పద్ధతే మళ్ళీ వద్దు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. గండికోట చూడండి. అనంతపురం, కడప అంటే దేశంలోనే వాన తక్కువ పడే నేలలు. అలాంటి చోట పెన్నా లోయలో నీళ్ళు నిలిస్తే చూడడానికి అందంగానే ఉంటుంది. ఆ లోయ అభివృద్ధికి 2024లో కేంద్రం 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మంచిదే. అదే గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు 2020లో తాళ్ళప్రొద్దుటూరు మునిగింది. అక్కడి వాళ్ళు ఇంకాస్త గడువు ఇవ్వండని రోడ్డు మీద కూర్చున్నారు. లోయను చూడ్డానికి వచ్చే వాళ్ళకు గైడు ఎవరైనా ఆ ఊరి పేరు చెబుతాడా? ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు కాకూడదు పర్యాటకం.

పడవ కోరేది వేరు, పైరు కోరేది వేరు

ఇక అసలు విషయం. షికారు పడవకు నీళ్ళు నిలబడాలి. పైరుకు నీళ్ళు నడవాలి. ఈ రెండూ ఎప్పుడో ఒకప్పుడు ఢీకొంటాయి.

పులిచింతల సంగతే తీసుకుందాం. వరద వస్తే వారంలో నిండుతుంది. జూన్‌లో డెల్టా నారుమళ్ళకు వదిలితే దిగుతుంది. ఎడమ ఒడ్డున తెలంగాణ వైపు 120 మెగావాట్ల కరెంటు కేంద్రం ఉంది, అది నడిస్తే ఒక లెక్క, ఆగితే ఒక లెక్క. 2021 వేసవిలో సాగర్, శ్రీశైలం, పులిచింతల మూడు చోట్లా కరెంటు కోసం నీరు వదలడం మీద రెండు రాష్ట్రాలు పోలీసులను మోహరించుకున్నాయి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2023 నవంబరు చివరి రోజున సాగర్ డ్యాం మీద ఏమి జరిగిందో మాచర్ల వాళ్ళను అడిగితే కళ్ళకు కట్టినట్టు చెబుతారు. ఇంత గొడవలో ఉన్న నీటి మీదికి, "మా బుకింగులు అయిపోయాయి, ఈ నెల మట్టం దించొద్దు" అనే కొత్త మనిషిని తెచ్చి నిలబెడితే ఎలా ఉంటుంది? మొదటి ఏడు అడగడు. ఒడ్డున కాటేజీలు కట్టి, బ్యాంకు అప్పు తెచ్చాక అడుగుతాడు. బ్యాంకు అప్పు ఉన్న వాడి మాట ఆఫీసుల్లో ఎంత గట్టిగా వినబడుతుందో, బ్యాంకు అప్పున్న రైతు మాట ఎంత మెల్లగా వినబడుతుందో మనకు అనుభవమే.

ఎడారి జలాశయాల మాట ఎలాగూ వచ్చింది కాబట్టి అమెరికాది ఒకటి చెబుతాం. కొలరాడో నది మీద హూవర్ డ్యాం ఉంది. 1930లలో కట్టారు. దాని వెనక నిలిచిన నీటిని లేక్ మీడ్ అంటారు. చుట్టూ ఎడారి. డ్యాం కింద నల్లరాతి లోయలో కయాక్‌ల దారిని 2014లో జాతీయ జల మార్గంగా గుర్తించారు. దూరదేశాల నుంచి వచ్చి తిరుగుతారు. డ్యాం అడుగు నుంచి బయలుదేరాలంటే అనుమతి కావాలి, రోజుకు ఇన్ని పడవలే అని లెక్క ఉంటుంది. కరెంటు కోసం నీరు వదిలినప్పుడు నది పెరుగుతుంది, తగ్గుతుంది. దానికి తగ్గట్టు పడవవాడే సర్దుకోవాలి, డ్యాం సర్దుకోదు. ఎందుకంటే ఆ డ్యాం కట్టడానికి 1928లో చేసిన చట్టంలోనే వరుస రాసి పెట్టారు. ముందు నదీ నియంత్రణ, వరద, నౌకాయానం. తర్వాత సాగు, తాగునీరు, అప్పటికే ఉన్న హక్కులు. మూడోది కరెంటు. విహారం ఆ వరుసలో లేదు. చట్టబద్ధంగా విహార ప్రాంతం అయింది 1964లో.

అంత రాసుకున్నా ఏమైంది? నదిలో ఉన్న నీటికంటే ఎక్కువ పంచుకున్నారు. కరువు మీద కరువు వచ్చింది. 2021 ఆగస్టులో మొట్టమొదటి సారి నీటి కొరత ప్రకటించారు. మొదటి కోత పెద్దగా పడింది అరిజోనాలో పినాల్ ప్రాంతపు రైతుల మీద. పొలాలు బీడు పెట్టారు. 2022 జులై నాటికి లేక్ మీడ్ మొదట నింపిన నాటి నుంచి ఎన్నడూ లేనంత దిగిపోయింది. పడవలు దింపే రేవులు ఒకటొకటిగా మూతపడ్డాయి. కొండలకు చుట్టూ తెల్లటి చార, మన గంగాళంలో నీళ్ళు ఇగిరిపోతే మిగిలే మరక లాంటిది, మిగిలింది. 1938లో ఆ నీటిలో మునిగిన సెయింట్ థామస్ అనే ఊరి పునాదులు, మెట్లు మళ్ళీ బయటపడ్డాయి. ఇప్పుడు జనం నడిచి వెళ్ళి ఆ మొండిగోడలు చూసి వస్తున్నారు. కొల్లూరు వాళ్ళకు ఈ మాట చెబితే ఏమనుకుంటారో.

అంటే మేం చెప్పేదేమిటంటే, వరుస రాసుకున్న చోటే ఎండ ముదిరితే ముందు రైతు మీద పడింది. వరుస రాసుకోని చోట గతి ఏమిటి? మన దేశంలో 2002 జాతీయ జల విధానం కూడా ఒక వరుస చెప్పింది. ముందు తాగునీరు, తర్వాత సాగు, తర్వాత జలవిద్యుత్తు, తర్వాత పర్యావరణం, పరిశ్రమలు, చివర్లో నౌకాయానం, ఇతర అవసరాలు. షికారు పడవ ఎక్కడుందంటే ఆ చివరి "ఇతర" అన్న మాటలో ఉంది. అక్కడే ఉండాలి. 2024 డిసెంబరులో వచ్చిన రాష్ట్ర పర్యాటక విధానం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఆ ఏడు నవంబరులోనే విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి నీటి మీద దిగే విమానం తిప్పి చూపించారు. హోదా ఇచ్చుకోవచ్చు, విమానం దింపుకోవచ్చు. నీటి వరుసలో మాత్రం ముందుకు జరపడానికి లేదు. కాబట్టి ఏ ఒప్పందం రాసినా మొదటి పేరాలోనే ఉండాల్సిన మాట ఇది: నీటిమట్టం గురించి పడవలు నడిపేవాడికి ఏ హామీ లేదు, మట్టం దిగినందుకు నష్టపరిహారం అడిగే హక్కు లేదు.

ఒడ్డు భూమి గురించి కూడా అంతే గట్టిగా ఉండాలి. 2013 భూసేకరణ చట్టం 99వ సెక్షన్ ఏమంటుందంటే, ఏ పనికోసం భూమి తీసుకున్నారో ఆ పని మార్చడానికి లేదని. ప్రజాప్రయోజనం అన్న మాట నుంచి ప్రైవేటు హోటళ్ళను ఆ చట్టమే పక్కన పెట్టింది. పులిచింతల భూములు ఎక్కువగా అంతకు ముందటి 1894 చట్టం కింద తీసుకున్నవి కాబట్టి ఈ సెక్షన్ అక్షరాలా మనకు వర్తించదని ప్లీడర్లు అంటారు. అనుకోనివ్వండి. డ్యాం కోసమని ఎకరం ఇచ్చిన రైతు, అదే ఎకరం అంచున గడ్డి పెంచి గదికి రోజుకు వేలల్లో అద్దె తీసుకుంటుంటే చూస్తూ ఊరుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. రిసార్టుకు జలాశయం ఒడ్డున గజం కూడా ఇవ్వొద్దు. పడవలు పెట్టుకునే షెడ్డు, మరుగుదొడ్లు, టీ కొట్టు, ఇవి చాలు. ఉండేందుకు గదులు కావాలంటే మన ఊళ్ళలో, మన ఇళ్ళలో ఉంటారు. మన వంట తింటారు. గోంగూర పచ్చడి అడిగి మరీ పెట్టించుకుంటారు.

ప్రాణం సంగతి

మాదిపాడు గురించి రాయకుండా ఈ వ్యాసం ముగించలేం. డ్యాంకు దిగువన మన మండలంలోనే ఉన్న ఊరు. అవతల ముక్త్యాల. తరాలుగా బల్లకట్టు మీద దాటిన రేవు. 2021 డిసెంబరులో అక్కడ నదిలో స్నానానికి దిగిన వేద పాఠశాల పిల్లలు ఐదుగురు, వాళ్ళ గురువు మునిగి చనిపోయారు. ఆ పిల్లలది మన ఊరు కాదు. ఏ లోతు ఎక్కడుందో వాళ్ళకు తెలియదు. రేపు కయాక్ మీద వచ్చేవాడికీ తెలియదు.

పైన జలాశయంలో లోతు ఒక్కటే కాదు ప్రమాదం. మునిగిన ఊళ్ళ గోడలు, బావులు, చెట్ల మోళ్ళు అడుగున ఉంటాయి. నీరు దిగినప్పుడు పైకి దగ్గరవుతాయి. ఏ చింతమోడు ఎక్కడుందో ఆ చెట్టు కింద పడుకున్న వాడికి తెలుస్తుంది, మ్యాపుకు తెలియదు. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున పులిచింతల 16వ నంబరు గేటు ఊడి కొట్టుకుపోయింది. దాని స్థానంలో స్టాప్‌లాగ్ అమర్చడానికి జలాశయాన్నే దించాల్సి వచ్చింది, దిగువకు లక్షల క్యూసెక్కులు వదిలారు. ఆ వేళ నదిలో పది పడవలు ఉండి ఉంటే? పుట్టి మునిగింది అనే మాట మనం అప్పు గురించి వాడతాం. అది నిజంగా మునిగిన రోజులు రాష్ట్రంలో తక్కువేం లేవు. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ మునిగి దాదాపు యాభై మంది పోయారు. నది ఐదు లక్షల క్యూసెక్కులతో పారుతుంటే ఆ పడవ బయలుదేరింది. టికెట్లు తెగాయి కాబట్టి బయలుదేరింది.

ఆ పడవను నది అడుగు నుంచి చివరకు పైకి తీసింది ఎవరో గుర్తుందా? కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం, ఆయన మనుషులు. నీళ్ళ మీద బతికిన వాళ్ళు. ఇనుప తాళ్ళు, లంగర్లు వేసి, వారాల తరబడి కుస్తీ పట్టి అక్టోబరులో తీశారు. మేం చెప్పేది ఇదే. నీటి మీద పెత్తనం నీళ్ళు తెలిసిన వాడికివ్వండి. పులిచింతలలో వల వేసే జాలరి, మాదిపాడు రేవులో బల్లకట్టు నడిపిన మనిషి, వాళ్ళు "ఇవాళ వద్దు" అంటే ఆ రోజు పడవ దిగకూడదు. వాళ్ళ మాట సలహాగా కాదు, ఉత్తర్వుగా ఉండాలి. డ్యాం నుంచి నీరు వదిలే ముందు మాదిపాడు దాకా వినబడే సైరన్ కావాలి. అది పర్యాటకుల కోసం కాదు, గేదెలు కడిగే మన వాళ్ళ కోసం ఎప్పుడో రావాల్సింది.

ఇంకో సంగతి, కొంచెం నవ్వుతూ చెప్పాలి. హైదరాబాద్ మురుగునంతా మోసుకుని మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కలిసి తిన్నగా పులిచింతలలోకే వస్తుంది. అంటే హైదరాబాద్ నుంచి కారు వేసుకొచ్చి కయాక్ ఎక్కే బాబు తిరిగేది సగం తన ఊరి నీళ్ళ మీదే. ఆయన చేతికి ఆ వాసన తగిలితేనైనా మూసీ శుద్ధి గురించి నగరంలో నోరు లేస్తుందేమో. మనం, మన జాలరులు ఎన్నాళ్ళు అరిచినా లేవలేదు.

జాలరుల మాట ప్రత్యేకంగా చెప్పాలి. ముంపు కుటుంబాలకు జలాశయంలో చేపల హక్కు ఇవ్వవచ్చని 2013 చట్టం రెండో షెడ్యూలులోనే ఉంది. భూమి పోయి, కూలికి పోలేక, వల పట్టుకున్న రైతులు మన మధ్య ఉన్నారు. కయాక్ దారి ఆ వలల మీదుగా పోకూడదు. తెల్లవారుజామున, సాయంత్రం వల వేసే వేళ పడవలు ఉండకూడదు. వల తెగితే గంటలో డబ్బు కట్టాలి, అర్జీ పెట్టుకో అనకూడదు. నీరు దిగాక తేలే ఒండ్రు నేలలో ముంపు రైతు విత్తనం వేసుకుంటే, అందం పాడైందని ఎవరూ వచ్చి తీసేయమనకూడదు.

దారి ఎక్కడ వేయాలో కూడా మాకో ఆలోచన ఉంది. నది నడుమ రాష్ట్రాల సరిహద్దు, అక్కడికి పోతే రెండు ప్రభుత్వాల పేచీ. డ్యాంకు ఎగువన గేట్ల దగ్గర అసలే వద్దు. బెల్లంకొండ వైపు గాలి తక్కువగా ఉండే వంకల్లో, జాలరులు చూపించిన చోట, ఒడ్డు కనబడేంత దూరంలో, నీరు నిండుగా ఉన్న నెలల్లో మాత్రమే. మునిగిన ప్రతి ఊరికీ నీటి మీద ఒక తేలే గుర్తు కట్టి, ఊరి పేరు, మునిగిన ఇళ్ళ సంఖ్య తెలుగులో రాయాలి. కొల్లూరు మీదుగా పోయేవాడు కోహినూరు గురించి వింటే వినొచ్చు. ఆ ఇళ్ళ సంఖ్య కూడా చదివి పోవాలి. నడిపేది ముంపు కుటుంబాల సహకార సంఘం కావాలి, టెండరు వేసి బయటివాడికి ఇవ్వడం వద్దు. మన ఆడపిల్లలకు కూడా ఈత, ప్రాణరక్షణ శిక్షణ ప్రభుత్వం ఖర్చుతో ఇవ్వాలి. వచ్చిన డబ్బులో పంచాయతీ వాటా ముందే తీసి పెట్టాలి.

చిక్కు ఎక్కడుందంటే, ఇదంతా అడగడానికి మనకు కుర్చీ లేదు. 1997 చట్టం కింద ఏర్పడ్డ మన నీటి సంఘాలు సాగర్ కాలువల మీద ఉన్నాయి. 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు జరిగాయి, మన వాళ్ళు కూడా గెలిచారు. కానీ పులిచింతల కింద మనకు ఆయకట్టు లేదు కాబట్టి దాని మీద ఒక్క కమిటీలో మనం లేం. భూమి ఇచ్చినవాడు పరాయి, నీరు పొందినవాడు దూరాన, గేటు ఆఫీసు చేతిలో. ఈ లోటు పూడ్చమని అడగడానికి కయాక్ ఒక సాకు దొరికింది అనుకున్నా తప్పులేదు. ముంపు గ్రామాల వాళ్ళు, జాలరులు, రెండు ఒడ్ల రైతులు ఉండే జలాశయ కమిటీ కావాలి. పడవలు రాకపోయినా కావాలి.

ఇంకో మాట. మాదిపాడు, ముక్త్యాల మధ్య వంతెనకు 2023 జూన్‌లో క్రోసూరు సభలో శంకుస్థాపన చేశారు. మన మిర్చి లారీ ఆ వంతెన మీదుగా జగ్గయ్యపేట వైపు దాటడం మనకు మొదటి అవసరం. కయాక్ చూడ్డానికి వచ్చేవాడికీ ఆ వంతెనే దారి. షికారు రేవుకు నిధులు ముందు వచ్చి వంతెనకు తర్వాత వస్తే మేం రోడ్డు మీద కూర్చుంటాం.

అచ్చంపేట, బెల్లంకొండ, మాచవరం మండలాల సభ్యులు ఈ నెలలోనే గ్రామసభల్లో తీర్మానం పెట్టాలని కోరుతున్నాం. నీటిమట్టం మీద హామీ ఇవ్వొద్దని ఒకటి, ఒడ్డు భూమి ప్రైవేటుకు ఇవ్వొద్దని ఒకటి, జలాశయ కమిటీ కావాలని ఒకటి. మూడే వాక్యాలు, ఎక్కువ రాస్తే ఆఫీసులో ఎవరూ చదవరు. సంతకాలు ముందు ముంపు కాలనీల్లో, తర్వాత జాలరుల దగ్గర, చివరికి మన దగ్గర తీసుకోవాలి. కయాక్ గురించి అడిగిన కుర్రాళ్ళనే కాగితాలు పట్టుకుని తిరగమని చెప్పాం, ఒప్పుకున్నారు.